జింకతోలు వాషరు

పోయిన నెలలో మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. అయిపోవడంలో వింతేమీ లేదు, అది ఎంచుకున్న రోజే వింత. మా ఆయన అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఒకే బస్సులో, ముందుగా ఒక్క కబురైనా పెట్టకుండా కమలాపురంలో దిగిన రోజది. అన్నం సగం ఉడికింది. నీలం మంట పసుపుపచ్చగా మారి, ఒకసారి దగ్గి, ఊరుకుంది. మా ఆయన సిలిండరును ఊపాడు, పక్కకు వంచాడు, చివరికి బతిమాలాడు కూడా. ప్రొద్దుటూరు నుంచి లారీ రావాలి, వారమన్నా పడుతుందని చెప్పారు. ఆ పూటకు పక్కింటివాళ్ళ వత్తుల స్టవ్వు అడిగి తెచ్చి గండం గడిపాం. ముగ్గురు ఆడబిడ్డలూ వారం ఉండిపోతారని తెలిశాక మాత్రం, పాత కుంపటి ఏమన్నా దొరుకుతుందేమోనని అటక ఎక్కాను. కుంపటి దొరకలేదు. చిరిగిన బొంతల కింద, పిల్లల పాత పలకల పక్కన, బిస్కెట్ల డబ్బా అంత రేకు పెట్టె ఒకటి దొరికింది.

మూత తీయగానే గుప్పున కిరసనాయిలు వాసన. మా ఆయన వచ్చి వాసన చూసి, "తుప్పు వాసన" అన్నాడు. ఆ పెట్టెలోని స్టవ్వుకు చుక్క కిరసనాయిలు తగిలి ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి ఆయన చెప్పిందే నిజం కావచ్చు. నా ముక్కు కూడా నా నోటిలాంటిదే, ఉన్నదానికి కొంచెం కలుపుతుంది. పెట్టెలో బత్తాయి పండంత ఇత్తడి బుడ్డి, దానికి పక్కన వేలెడంత పంపు, పైన మూడు మడత కాళ్ళు. మా ఇంట్లో దాన్ని క్యాంపు స్టవ్వు అనేవాళ్ళు. పంపు లాగి నొక్కాను. లోపల గాలే పట్టలేదు, కడ్డీ ఊరికే వచ్చి ఊరికే పోయింది. వాషరు ఎండిపోయింది. ఎండకుండా ఎలా ఉంటుంది, అది జింకతోలు కదా, అనుకున్నాను. అనుకొని, ఆయన దిగిపోయాక అటక మీద ఒక్కదాన్నే కూర్చొని నవ్వుకున్నాను. ఆ జింకను పుట్టించింది నేనే.

నాకిప్పుడు నలభై తొమ్మిది. యాభై రెండని మా ఆయన వాదిస్తాడు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధిలో నన్ను పిలవడానికి రెండు పేర్లుండేవి, ఇంట్లో పాప, వీధిలో కోతలమ్మ. పెన్నలో నీళ్ళు వచ్చినప్పుడు ఒక చేప ఒడ్డుకు తల పెట్టి నన్ను జమ్మలమడుగుకు దారి అడిగిందని మూడో తరగతిలోనే చెప్పిన ఘనత నాది. అది ఎదురీతకు పోవాల్సిన చేప కాబట్టి అడగడంలో తప్పేమీ లేదని వివరం కూడా చెప్పాను. వివరం లేని అబద్ధం నేనెప్పుడూ చెప్పలేదు. అందువల్ల వచ్చిన నష్టం ఒకటే. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు సాక్షులు కావలసి వచ్చేవాళ్ళు.

మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, తాత పోయిన నాటి నుంచి తన చేత్తో వండుకున్నది తప్ప ఇంకోటి నోట్లో పెట్టేది కాదు. పొద్దున్నే బావి దగ్గర స్నానం, దండెం మీద కర్రతో ఆరేసిన మడిచీర, అది ఆరకపోతే తడిదే. వంటింట్లో ఒక మూల నాపరాళ్ళ మీద ముగ్గుపిండితో గీత గీసేది. గీతకు అవతల అవ్వ, ఆమె పొయ్యి, ఆమె ఇత్తడి గిన్నెలు. ఇవతల మేమందరం. పత్తి కట్టె పొగకు కళ్ళు నులుముకుంటూ, ఊదుగొట్టంతో ఊదుతూ, కందిపప్పు ఉడికే వాసన బట్టి అందులో ఉప్పు పడిందో లేదో చెప్పేది. మిట్టమధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. ఆమె విస్తరి ముందు కూర్చున్నప్పుడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మేవాళ్ళు కాదు.

ఆ అవ్వకు కంట్లో పొర వచ్చింది. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఆపరేషన్ బాగానే అయింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి పంపుతూ డాక్టరమ్మ మా నాయనను పక్కకు పిలిచి, ఆరు నెలలు పొగ తగలకూడదు, తగిలిందా ఆ కన్ను తీసుకొని మళ్ళీ నా దగ్గరికి రావద్దు అని గట్టిగా చెప్పింది. నాయన ఇంటికొచ్చి ఆ మాట అవ్వకు చెప్పి, ఇకమీద నీ కోడలే మడి కట్టుకొని నీకు వండుతుందన్నాడు.

"నీ పెండ్లాము వంట మంచిదే నాయనా" అంది అవ్వ. "నేను వండింది కాదు, అంతే."

ఆ రోజు నుంచి పాలు, అరటిపండ్లు, నానబెట్టిన పెసరపప్పు. మొదటి వారం అందరం మొండితనమనుకున్నాం. రెండో వారం ఆమె నడుముకు చీర ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. మా అమ్మ ఏడ్చింది. నాయన కోప్పడ్డాడు. అవ్వ ఇద్దరినీ ఒంటికంటితో చూసి అరటిపండు ఒలుచుకుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే కన్ను పోతుంది, కూర్చోకపోతే మనిషే పోతుంది. అట్లా ఉండేది మా ఇంటి పరిస్థితి, చిన్నాయన పులివెందుల నుంచి రేకు పెట్టె చంకలో పెట్టుకొని దిగేనాటికి.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. పులివెందుల దగ్గర గనుల్లో సర్వే వాళ్ళకు నేల కొలిచే గొలుసు పట్టేవాడు. నెలలో ఇరవై రోజులు గుట్టల్లో క్యాంపు. అక్కడి ఇంజనీరు ఒక తెల్లదొర, తన దేశానికి తిరిగి పోతూ సామానంతా తలా ఒకటి పంచితే చిన్నాయనకు ఈ స్టవ్వు వచ్చింది. పొగ లేదు, మసి లేదు, ఊదే పని లేదు, నీలం మంట, రాళ్ళ మధ్య పెట్టి పది నిమిషాల్లో దొర టీ కాచుకునేవాడు అని చిన్నాయన వసారాలో నిలబడి చెప్తుంటే, లోపలి నుంచి అవ్వ, "పొగ రాదా?" అని ఒక్క మాట అడిగింది. పదిహేను రోజుల్లో ఆమె నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. చిన్నాయన ఛాతీ పొంగింది.

మరునాడు పొద్దున చిన్నాయన, నేను అంగడికి పోయి వచ్చేసరికి అవ్వ తన పని తాను చేసింది. ఇత్తడి సామాను ఏదైనా సరే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమందే ఆమె గీత దాటదు. బావి గట్టు మీద కూర్చొని, బుడ్డిని, కాళ్ళను, పైన మంట వచ్చే తలకాయను, పనిలో పనిగా రేకు పెట్టెను కూడా అదే ఇటుకపొడి వేసి ఒంటికంటితోనే తోమి ఎండలో బోర్లించింది. బుడ్డి కొత్త బంగారంలా ఉంది. పెట్టె మూత లోపల ఎరుపూ తెలుపూ రంగుల్లో ఇంగ్లీషులో ఏదో రాసి, చిన్న చిన్న బొమ్మలు వేసి ఉండేవి. అవి లేవు. చిన్నాయన ఆ మూతలో తన ముఖం స్పష్టంగా చూసుకొని తల పట్టుకున్నాడు.

"ఏం పోయాలో దాంట్లోనే రాసిండె గదమ్మా!"

"నువ్వు చదివినావా?" అంది అవ్వ.

"ఈ పొద్దు చదువుదామనుకొంటి."

"నేను చదివినా" అన్నాను. నేను నిజంగానే చదివాను. రాత కొంచెం కొంచెం అర్థమైంది, కిరసనాయిలు అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. "కిరసనాయిలు అని రాసిండాది చిన్నాయనా."

చిన్నాయన ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. నువ్వు కిరసనాయిలు అన్నావంటే అది పెట్రోలే. దొర జీపు వెనకాల డబ్బాలోంచి పోస్తాంటే నా కండ్లతో చూసినా. జీపులో ఉండేది పెట్రోలు గాక పాయసమా?"

సాయంత్రానికి తెలిసిన బస్సు డ్రైవరు దగ్గర ఒక సీసా పెట్రోలు తెచ్చాడు. సీసా మూత తీయగానే ఇల్లంతా బస్టాండు వాసన. మా అమ్మకు ఆ వాసన నచ్చలేదు. పోసే ముందు ఒక్కసారి మస్తాన్‌కు చూపించకపోతే తాను పిల్లల్ని తీసుకొని పుట్టింటికి పోతానంది. అట్లా మస్తాన్ మామ కథలోకి వచ్చాడు.

మస్తాన్ మామ మా వీధి మలుపులో పెండ్లిళ్ళకూ పీర్ల పండగకూ గ్యాస్ లైట్లు బాడుగకిచ్చేవాడు. ఆయన ముఖాన కనుబొమ్మలుండేవి కాదు. ఎప్పుడో ఒక లైటు ఎగసి వాటిని తీసుకుపోయింది, అవి తిరిగి రాలేదు. అందువల్ల ఆయన ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాడు, నేనేం చెప్పినా నమ్మినట్టుండేది, ఆయనంటే నాకు ఇష్టం. స్టవ్వును అరచేతిలో పెట్టుకొని తిప్పి చూశాడు. చెవి దగ్గర ఊపాడు. చిన్నాయన చేతిలో సీసా వాసన చూసి, దాన్ని మెల్లగా తీసుకొని దూరంగా ఎండలేని చోట పెట్టి వచ్చాడు.

"అప్పా, ఈ మాదిరి స్టవ్వు పెట్రోలుదైతే పంపు ఉండదు. దాని వేడికే అది ఉబ్బుతాది. దీనికి పంపు ఉండాది, గాలి వదిలే మర ఉండాది, మెడ కింద స్పిరిటు పోసే గిన్నె ఉండాది. ఇది కిరసనాయిలు తాగేది. దీంట్లో పెట్రోలు పోసి పంపు కొట్టింటివా, మీ ఇంటికి లైట్లు పెట్టే పనే ల్యాకుండా పోయ్యేది. ఇల్లే వెలిగిండేది."

"దొర జీపులోంచి..." అన్నాడు చిన్నాయన.

"జీపులో రెండు డబ్బాలుంటాయప్పా. నువ్వు చూసింది ఒకటి."

ఇంటికి వచ్చి, పాప చెప్పిందే నిజమంట అని చిన్నాయన చెప్తే, అందరూ నావైపు కొంచెం భయంగా చూశారు.

కిరసనాయిలుకు ఏం కష్టం లేదు. వీధి వెంట బండి వచ్చేది, అమ్మ దాన్ని పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టింది. కష్టమంతా స్పిరిటుతో వచ్చింది. తలకాయ బాగా వేడెక్కితే గానీ లోపలి కిరసనాయిలు ఆవిరి కాదు. వేడెక్కకముందే పంపు కొడితే కిరసనాయిలే చిమ్మి, మంట దూలం దాకా లేస్తుంది. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో వేడి చేయొచ్చు గానీ పొగ వస్తుంది, పొగ వస్తే ఇదంతా దేనికి? కాబట్టి గిన్నెలో పోసి కాల్చడానికి రోజుకు రెండు చెంచాల స్పిరిటు కావాలి. మా జిల్లాలో అప్పటికే ఎన్నో ఏళ్ళుగా మద్యనిషేధం. స్పిరిటు అన్న మాట గట్టిగా అంటే పక్కవాడు జరిగి కూర్చునే కాలం. మస్తాన్ మామ దగ్గర లైట్ల కోసం పర్మిట్టు స్పిరిటు ఉండేది గానీ, "చుక్క బయటికి పోయినా నా లైసెన్సు పోతాది పాపా, మందుల షాపులో అడుగు" అన్నాడు.

అడిగే పని నేను మీద వేసుకున్నాను. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నిజం చెబితే ఎవరూ నమ్మరని, మొన్ననే పెట్రోలు విషయంలో రుజువైంది. అందుకని మొదటి షాపులో, మా అవ్వకు తేలు కుట్టింది, తుడవడానికి అన్నాను. ఇవ్వలేదు. రెండో షాపులో, బీరువాకు పాలిష్ పెట్టడానికి అన్నాను. మా ఇంట్లో బీరువా లేదు. మూడో షాపులో, స్కూల్లో సైన్సు మేడం కప్పను సీసాలో పెట్టమంది, మూడు కప్పలు రెడీగా ఉన్నాయి, స్పిరిటు లేక అవి ఎదురు చూస్తున్నాయి అన్నాను. ఆ మూడు షాపుల వాళ్ళూ సాయంత్రం ఒకే హోటల్లో టీ తాగుతారని నాకు తెలియదు. తేలూ బీరువా కప్పలూ ఒకే బెంచీ మీద కలుసుకున్నాయి. మరునాడు పొద్దున్నే మద్యనిషేధం జమేదారు ఒకాయన మా గడపలో నిలబడ్డాడు.

"ఎవురప్పా ఈ ఇంట్లో స్పిరిటు తాగేది?"

నాయన ముఖం పాలిపోయింది. చిన్నాయన, గుట్టల్లో నెలకు ఇరవై రోజులుండే పెండ్లికాని మనిషి కాబట్టి, జమేదారు చూపు ఆయన మీదనే నిలిచింది. అప్పుడు లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"తాగేది స్టవ్వు నాయనా. తినేది నేను. నమ్మకపోతే రేపు పొద్దున రా. నీ ఎదురుగానే వెలిగిస్తారు. వెలక్కపోతే నీ ఇష్టం."

జమేదారు మీసాలు దువ్వుకున్నాడు. వెలిగితే తానే పర్మిట్టుకు రాసిస్తానన్నాడు. వెలక్కపోతే చిన్నాయన మీద కేసన్నాడు. పర్మిట్టున్న మనిషి కాబట్టి మస్తాన్‌నే స్పిరిటు తెచ్చి వెలిగించమన్నాడు.

మరునాడు మా వసారా పెండ్లి ఇల్లులా ఉంది. నాపరాళ్ళ మీద స్టవ్వు, పక్కన తడిపిన గోనెపట్ట, ఒక చేట ఇసుక. అవి మస్తాన్ మామ ఏర్పాట్లు. గడపకు అవతల పీట మీద మడిచీరలో అవ్వ. ముందు రోజు రాత్రంతా ఆమె పస్తు, ఈ పొద్దు వెలిగితే అన్నం తింటానని పాలు కూడా ముట్టలేదు. మస్తాన్ మామ బుడ్డిలో ముప్పాతికకు మించకుండా కిరసనాయిలు పోశాడు, గిన్నెలో స్పిరిటు పోసి అగ్గిపుల్ల గీశాడు. కనీ కనపడని మంట. వాసనకు జమేదారు ముక్కు ఎగబీల్చి, దగ్గాడు. స్పిరిటు అయిపోవస్తుండగా మర బిగించి పంపు కొట్టాడు. ఏమీ కాలేదు. ఇంకా కొట్టాడు. నిశ్శబ్దం.

"సూది రంధ్రం మూసుకుపోయిండాది" అన్నాడు వంగి చూసి. "ఏందిది ఎర్రగా? ఇటుకపొడా?"

అందరూ అవ్వ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. ఆ రంధ్రంలోకి దూరేంత సన్నటి తీగ మస్తాన్ మామ దగ్గర లేదు, ఆయన లైట్ల రంధ్రాలు దీనికంటే పెద్దవి. మాది బంగారం పనికి పేరుపడ్డ ప్రొద్దుటూరు కాబట్టి సరిపోయింది. పక్కింటి వీరాచారి కంసాలి కొలిమి దగ్గర నుంచి లేచి వచ్చి, గొలుసుకు లాగుతున్న బంగారు తీగ ముక్క వెంట్రుక మందాన ఒకటి ఇచ్చి, పని కాగానే తిరిగి తీసుకోవడానికి మా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. బంగారు తీగతో స్టవ్వు ముక్కు పొడవడం లోకంలో మా ఇంట్లోనే జరిగిందని నేను తరవాత చాలామందికి చెప్పాను. నేను చెప్పినవాటిలో ఎవరూ నమ్మని నిజం ఇదొకటి.

రెండోసారి స్పిరిటు, రెండోసారి పంపు. బుస్సుమని శబ్దం, ఆ వెంటనే చుట్టూ నీలం పువ్వు. పొగ లేదు. అవ్వ ముందుకు వంగింది. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లు పూర్తికాకముందే మంట కుంగి, పచ్చబడి, పడుకుంది. మస్తాన్ మామ పంపు లాగితే కడ్డీ ఊరికే వచ్చి ఊరికే పోయింది. జమేదారు జేబులోంచి కాగితం తీసి చిన్నాయన పూర్తి పేరు అడిగాడు.

"ఆగు సారూ" అని మస్తాన్ మామ మంటార్పి, గాలి వదిలి, బుడ్డి చల్లారేదాకా చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఎంత తొందరున్నా వేడి బుడ్డిని ఆయన ముట్టేవాడు కాదు. చల్లారాక పంపు విప్పి, కడ్డీ చివరనున్న చిన్న నల్లటి టోపీని ఎండకు ఎత్తి పట్టాడు. "ఇదే. తోలు వాషరు ఎండిపోయిండాది. రెండు చుక్కలు టెంకాయనూనె ఇయ్యండమ్మా, మెత్తబడుతాది."

అమ్మ కదల్లేదు. ఆ మాట వసారా అంతటా పరచుకుంది.

"తోలా?" అంది అవ్వ.

మస్తాన్ మామకు అప్పుడు అర్థమైంది. వాషరును పిడికిట్లో మూసుకున్నాడు.

"ఏం తోలు మస్తానూ?"

ఆయన నాపరాళ్ళ వైపు చూశాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, అబద్ధం ఆయన నోటికి రాదు. అవ్వ చెయ్యి పీట కోడు పట్టుకొని ఉంది, లేవబోతోంది. లేస్తే లోపలికి పోతుంది, పోతే అరటిపండ్లే. ఆ చేతి ఎముకలు నాకు ఒక్కొక్కటీ కనిపించాయి.

"జింకతోలవ్వా" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు.

"స్వాములు కూర్చొని జపం చేస్తారే, ఆ జింకతోలే. ఆ దొరల దేశంలో చలికి వేరే తోలు పగిలిపోతాదంట. అందుకని జింకతోలు తప్ప వెయ్యరు. మూత మీద రాసిండె. జింక బొమ్మ గూడా ఏసిండ్రి, కొమ్ములతో. నువ్వే తోమేస్తివి."

అవ్వ ఒంటికంటితో నన్ను చాలాసేపు చూసింది. తరవాత, "మస్తానూ, నిజమేనా?" అంది.

మస్తాన్ మామ మెల్లగా మాట్లాడాడు. "మూత మీద ఏం రాసిండెనో ఈ పాప ఒక్కతే చదివిందంటమ్మా. పోయినసారి గూడా పాప చెప్పిందే నిజమాయె."

వీరాచారి తన తీగ వైపు చూసుకున్నాడు. జమేదారు ఎందుకో కాగితం మడిచాడు. పీట కోడు మీద అవ్వ వేళ్ళు వదులయ్యాయి.

"టెంకాయనూనె గూట్లో ఉండాది, తీసుకురా" అంది మా అమ్మతో.

మూడోసారి వెలిగిన మంట ఆరలేదు. ఆ రోజు అవ్వ గుప్పెడు బియ్యం, గుప్పెడు కందిపప్పు వండుకుంది. ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి నీళ్ళు కారుతుంటే నాయన కంగారుపడి, పొగేమన్నా తగిలిందా అన్నాడు. "పొగ యాడుండాదిరా" అంది అవ్వ, ఇంకో ముద్ద కలుపుకుంటూ. జమేదారు మాట నిలబెట్టుకున్నాడు. కడప జిల్లా మొత్తంలో తన పేరు మీద స్పిరిటు పర్మిట్టు ఉన్న మడి ముసలమ్మ మా అవ్వ ఒక్కతే. నేను లెక్క చూడలేదు గానీ, ఇంకొకరుంటే ఎవరినైనా చూపించమనండి.

ఆ స్టవ్వు మీద అవ్వ పదకొండేళ్ళు వండుకుంది. ఒక్క ప్రమాదం జరగలేదు. మడి పద్ధతికీ స్టవ్వు పద్ధతికీ అంత చక్కగా కుదిరింది. ముగ్గుగీత దాటి పిల్లలు రాకూడదు, అది మంచిదే. వంటయ్యేదాకా పక్కన పాత గుడ్డ ముక్క ఉండకూడదు, అదీ మంచిదే. తడిచీర మీద మంట అంటుకోదు. "మా షాపులో మీ అవ్వ గీసే గీతొకటి ఉండింటే నా కనుబొమ్మలు ఈ పొద్దుకూ ఉండేవి" అనేవాడు మస్తాన్ మామ. ఆయన చెప్పిన నియమాలకు అవ్వ తనవి కలిపింది. వేడి మీద కిరసనాయిలు పోయడం ఎంగిలి చేత్తో వడ్డించినంత తప్పు. కిటికీ మూసి వెలిగించడం పాపం. చింతపండు బుడ్డి వరకే, తలకాయకు తగలకూడదు. నెలకోసారి వాషరుకు నూనె పెట్టాలి. "పాపా, జింకకు నూనె పెట్టినావా?" అని ఆమె అడిగినప్పుడల్లా నాకు కడుపులో చక్కిలిగింత. వాషరు అరిగినప్పుడు గూట్లో టెంకాయచిప్పలో నూనెలో నానుతూ ఇంకోటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. చిన్నాయన తెచ్చి పెడుతున్నాడనుకున్నాను. అంత తెలివైన అవ్వను నేను ఒక్కదాన్నే మోసం చేశానని లోలోపల గర్వం. కొంచెం భయం కూడా, పాపం నాకు వస్తుందా, దొరకా అని.

ఇప్పుడు గ్యాసు మర తిప్పితే మంట. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అప్పుడు గుప్పెడు పప్పు ఉడకాలంటే దొర పెట్టె, కంసాలి బంగారం, సాయిబు స్పిరిటు, జమేదారు చీటీ, నా అబద్ధం, ఇన్ని కావలసి వచ్చాయి. ఇప్పటిదే సుఖం, కాదనను. పొగలో ఊదుగొట్టం పట్టుకునే రోజులు మళ్ళీ రమ్మని పిలిచేంత వెర్రిదాన్ని కాను. కాకపోతే సిలిండరు అయిపోయిన రోజున ఏ ఇంటి తలుపు తట్టాలో తెలియక కాసేపు అట్లాగే నిలబడ్డాను.

మరునాడు స్టవ్వు సంచిలో పెట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాను. స్పిరిటు ఈసారి మందుల షాపులో అడగగానే ఇచ్చారు, ఎందుకని కూడా అడగలేదు. మూడు కథలు సిద్ధం చేసుకొని పోయినదాన్ని, కొంచెం చిన్నబోయాను. మస్తాన్ మామ షాపు అదే మలుపులో ఉంది. కొడుకు కువైట్‌లో ఉన్నాడట, మనవడు జనరేటర్లు బాడుగకిస్తున్నాడు. మామ ఒక మూల గోనెపట్ట మీద కూర్చొని ఎవరిదో స్టవ్వు విప్పుతున్నాడు. గడ్డం తెల్లబడింది. కనుబొమ్మలు ఇంకా రాలేదు.

"మామా, జింకతోలు వాషరుందా?" అన్నాను, గుర్తుపడతాడో లేదో చూద్దామని.

తల ఎత్తలేదు. "ఏ జింకమ్మా? పాలిచ్చేదా, బండి లాగేదా?"

"అదేం మాట మామా?"

అప్పుడు చూశాడు. చూసి, చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి, "పాపా!" అన్నాడు. "నాది కాదు తల్లీ ఆ మాట. మీ అవ్వది."

స్టవ్వు వెలిగిన మూడో రోజు అవ్వ కర్ర పట్టుకొని, కంటికి ఆకుపచ్చ గుడ్డతో, ఒక్కతే ఆ షాపు ముందుకు వచ్చి ఎండలో నిలబడిందట. లోపలికి రాలేదు. మస్తానూ, ఆ పిల్ల ఎదురుగా మళ్ళీ అడగకూడదని అడగలేదు, ఇప్పుడు చెప్పు, ఆ జింక పాలిచ్చేదా, బండి లాగేదా అందట.

"నా చేతిలో లైటు చిమ్నీ జారి పగిలిపోయె" అన్నాడు మామ. "బండి లాగేదేనమ్మా అంటి. ఎండలో అట్లనే నిలబడింది. నేను అనుకుంటాండా, ఇంక ఆ యమ్మ తినదు, పాపమంతా నాదే అని. అప్పుడు అనింది, ‘ఇన్నాళ్ళూ ఆ పిల్ల తన సంబరానికి కోతలు కోసేది మస్తానూ. మొన్న నాకోసం కోసింది. నేను అన్నం మానుకుంటే అది అబద్ధమైపోతాది. తింటే నిజమైనట్టే గదా. తింటాలే. పాపకు మాత్రం చెప్పాకు’ అని. అని పోతా పోతా తిరిగి చూసి, ‘ఇంకో రెండు జింకల్ను నూనెలో నానేసి పంపు, ఎండాకాలం వస్తాండాది’ అనింది."

జీవితంలో మొదటిసారి నా దగ్గర వివరం లేకుండా పోయింది. మామ డబ్బాలో వెతికి, వేలితో మెత్తదనం చూసి, ఒక వాషరు తీసి తానే వేసిచ్చాడు. బస్సులో వస్తూ నేను చెప్పిన కోతలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఎన్నిటిని ఎవరు నిజంగా నమ్మారో, ఎన్నిటిని నాకోసం నమ్మినట్టు ఉండి కడుపున దాచుకున్నారో. చేపతో సహా.

మధ్యాహ్నం పెరట్లో, ముగ్గుగీత గీసి, తడి గోనెపట్ట పక్కన పెట్టి, స్టవ్వు వెలిగించాను. మొదటిసారికే బుస్సుమని నీలం పువ్వు. ఆడబిడ్డలు ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. పెద్ద వదిన ఏకాదశి వ్రతాల మనిషి, హోటల్లో నీళ్ళయినా తాగదు. ఆమె వంగి పంపు వైపు అనుమానంగా చూసింది.

"ఇట్లాంటివాటిల్లో తోలు ఉంటుందంటారే. దీంట్లో ఉందా?"

"ఉంది వదినా" అన్నాను. "జింకతోలు."

వదిన ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. తరవాత స్టవ్వు వైపు, నేను గీసిన గీత వైపు చూసింది.

"జింకదేలే" అని, విస్తరాకు కడుక్కోవడానికి వెళ్ళింది.